కేకలు ఆపితే

చెరుకులో పంది ఉందంటే చెరుకు కొట్టే కూలీలు కేకలు ఆపరు. ఆపితే అది మళ్లీ మనిషి మీదికొస్తుంది. అందుకే బోధన్ అవతల ఆ తోటలో, నాందేడ్ వైపు నుంచి వచ్చిన కూలీల ముఠా అంతా గట్టు మీద నిలబడి మరాఠీలో అరుస్తోంది. లోపల, ఇంకా కొట్టని చెరుకులో, వాళ్లతో పనిచేసే తెలుగు కూలీ జోసెఫ్ పడి ఉన్నాడు. అడవిపంది అతని తొడ చీల్చింది. అది పోలేదు. ఆకులు కదులుతున్నాయి.

ట్రాక్టరు లోడుతో వెళ్లిపోయింది. జోసెఫ్ భార్య లిడియా అంబులెన్సు నంబరుకు ఫోన్ చేసింది. అక్కడ ముందుగా వినేది మిషను. మాటల ధ్వనిని బట్టి ఏ భాషో తేల్చుకొని, ఆ భాష తెలిసిన మనిషికి కలుపుతుంది.

"మా ఇంటాయన్ని పంది పొడిసింది! జల్ది రాండ్రి!"

ఫోన్‌లో మరాఠీ వినిపించింది. తెలుగు కూడా వచ్చిన ముఠా పెద్ద రాధాబాయి చెవి పెట్టి వింది.

"రికార్డు మాట. మరాఠీ మనిషి ఖాళీ లేడంట, ఆగుమంటుంది."

"నేను తెలుగే మాట్లాడితి గదక్కా!"

"నీది ఒక్క గొంతు. మావి గిన్ని. అది మమ్మల్నే విన్నది."

లిడియా మళ్లీ చేసింది. గొంతు చించుకుంది. మళ్లీ మరాఠీయే.

"జర ఊకోమను మీవోళ్లను."

"ఊకుంటే నీ మొగడు ఉంటడా, పిచ్చిదానా?"

లిడియా చుట్టూ చూసింది. గట్టు కింద కూలీల నీళ్ల డబ్బాలున్నాయి. ఒకదాన్ని ఎత్తి, నీళ్లు పారబోసి, కొడవలితో కొట్టింది.

"గివి కొట్టుమనక్కా! నోర్లు తెరవొద్దు. డబ్బది ఏ భాషంటదో సూస్త."

రాధాబాయి చెయ్యెత్తింది. కేకలు ఆగాయి, డబ్బాలు మోగాయి. లిడియా గట్టు చివరికి పరుగెత్తి, ఫోన్‌ను కొంగులో చుట్టి మూడోసారి మాట్లాడింది.

"చెప్పండమ్మా," అంది తెలుగు గొంతు.

లిడియా ఊరు, కాలువ దారి చెప్పింది.

"బండి బయల్దేరుతోంది. ఆయన మాట్లాడుతున్నారా? పిలిచి చూడండి."

పిలవాలంటే చప్పుడు ఆపాలి. లిడియా రాధాబాయి వైపు చూసి చెయ్యి ఊపింది. డబ్బాలు ఆగాయి.

"ఆశా బాపూ! వినవడుతుందా?"

ఆశ వాళ్ల బిడ్డ. మొగుణ్ని లిడియా పేరు పెట్టి పిలవదు.

జోసెఫ్ పడ్డ దిక్కు నుంచి చెరుకు విరిగిన చప్పుడు వచ్చింది.

"ఆపకుండ్రి," అన్నాడు జోసెఫ్ లోపలి నుంచి. "గీడనే ఉంది. కొట్టుండ్రి."

"మాట్లాడుతుండు," అని ఫోన్‌లో చెప్పి లిడియా వెనక్కి పరుగెత్తి, డబ్బా కొట్టడానికి కొడవలి అందుకుంది.