ఎడమ పక్క

ముందు సీట్లో మా అమ్మాయి జీవితే కూర్చోవాలని మా ఆయన మూడోసారి అనేసరికి నాకు ఒళ్లు మండింది.

“ఘాట్‌లో నాకు కడుపులో తిప్పుతుందని మీకు తెలీదేటండీ? పెళ్లయిన కాడినుంచీ ఆ సీటు నాదే.”

“నిమ్మకాయ తెచ్చుకున్నావు గదా, వాసన సూసుకో. గుంటకైతే పాటలు పెట్టడం వచ్చు.”

“పాటలకోసం పెళ్లాన్ని వెనక్కి తోస్తారా?”

మా మావయ్య తోమాగారు అప్పటికే వెనక సీట్లో కూర్చుని చేతికర్ర సర్దుకుంటున్నారు. “బేగి తేల్చండి. ఎండెక్కితే నా పళ్లసెట్టు కరిగిపోద్ది,” అన్నారు. జీవిత ఎవరి మొహమూ చూడకుండా ముందు డోరు తీసుకుని ఎక్కేసింది. మావయ్య చిన్న ప్రార్థన చేశారు. నేను ఆమెన్ కూడా అనకుండా వెనక్కి వెళ్లి కూర్చున్నాను.

ఆ సీటు నాకు కావలసింది కడుపులో తిప్పుతుందని మాత్రమే కాదు. మా ఆయన ఎడ్విన్ ఇరవై రెండేళ్లుగా సాలూరు నుంచి కొండమీదికి టాక్సీ తోలుతున్నాడు. ఏ మలుపు దగ్గర హారన్ కొట్టాలో, ఏ గుంట దగ్గర గేరు మార్చాలో చేతులకే తెలుసు. కళ్లకు గంతలు కట్టినా అరకు చేరుస్తాడని స్టాండులో గొప్పగా చెప్పుకుంటారు. రెండు నెలల క్రితం విశాఖలో కంటి డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్లొచ్చాడు. ఏమన్నారని అడిగితే, “సుక్కలు ఏసుకోమన్నారు,” అని నాకు చదవడం రాని ఇంగ్లీషు ఫైలు బీరువా మీద పడేశాడు. ఆ తరవాత గుమ్మం దగ్గర మంచినీళ్ల బిందెను రెండుసార్లు తన్నాడు. మా ఇల్లు నడిచేది ఆ బండి మీదే. ఆయన చూపు బాగానే ఉందా లేదా అన్నది నాకు తేలాలి. జీవితకు నర్సింగు కాలేజీ సెలవులిచ్చారని పెట్టుకున్న ఈ ప్రయాణానికి నేను సరేనన్నది, పక్కన కూర్చుని స్వయంగా చూసుకోవచ్చనే.

దారంతా జీవిత కబుర్లే. “నాన్నా, లారీ వస్తోంది. నాన్నా, ఎడమ పక్క మేకలు చూడు, ఎంత బాగున్నాయో. నాన్నా, సైకిలాయన.” మేకల్ని ఎన్నడూ చూడనట్టు ఈ పిల్లకేమొచ్చిందనుకున్నాను. బండి మాత్రం మలుపుల్లో ఎక్కడా తొణకలేదు. అరకు చేరేసరికి నా మనసు సగం కుదుటపడింది.

మర్నాడు పొద్దున్నే ముంచింగిపుట్టు దాటి భీముడి ఊరికి వెళ్లాం. భీముడికి కాఫీ తోట ఉంది. కాఫీ బస్తాల బేరాల్లో ఎడ్విన్‌కు అతనితో పదేళ్ల స్నేహం. మావయ్యను వాళ్ల అరుగుమీద కూర్చోబెట్టి, మేము భీముడి వెంట కొండమీది జలపాతానికి నడిచాం. కాలిబాట సన్నగా ఉంది, కంకరరాళ్లు జారుతున్నాయి. సిల్వర్ ఓక్ కొమ్మమీద పొడవాటి తోకతో బెట్టుడుత ఒకటి దూకింది. “అదిగో!” అన్నాను. “ఆ, సూసాను,” అన్నాడు ఎడ్విన్. అది అప్పటికే మూడు చెట్లు దాటిపోయింది.

ఇంకాస్త పైకి వెళ్లాక ఇప్పచెట్లు వచ్చాయి. రాలిన పువ్వుల తీపి వాసన. భీముడు చటుక్కున ఆగి చెయ్యెత్తాడు. జీవితా నేనూ నిలబడిపోయాం. ఎడమ పక్క, పది అడుగుల దూరంలో, చెట్టు మొదట్లో నల్లటి బొచ్చుముద్ద కదులుతోంది. ఎలుగుబంటి, తలొంచుకుని పువ్వులు తింటోంది.

ఎడ్విన్ ఆగలేదు. ఏదో కూనిరాగం తీసుకుంటూ భీముణ్ణి దాటి ముందుకు నడిచాడు. భీముడు వెనకనుంచి చొక్కా పట్టి లాగాడు. ఎలుగు తలెత్తింది, ముక్కుతో బుస్సుమంది, వెనక్కి తిరిగి ఎడమవైపు లోయలోకి కొమ్మలు విరుచుకుంటూ దిగిపోయింది.

“ఏటి బాబూ, ఎలుగుకి దండమెట్టడానికి ఎల్తన్నావేటి?” అన్నాడు భీముడు, చెమట తుడుచుకుంటూ.

“సూసాన్రా. తింటన్నాది, మననేటి సేత్తాదిలే అనుకున్నాను,” అని నవ్వాడు ఎడ్విన్.

నవ్వుతూ ఆయన చూస్తున్నది కుడివైపు పొదల్ని.

అందరం కిందికి దిగాం. బండి దగ్గరికొచ్చాక, “భీముడి ఊళ్లో ఎవరైనా తోలతారేమో అడుగుదామా?” అన్నాను మెల్లగా. “నా బండి మీద ఇంకోడి సెయ్యి పడదు,” అన్నాడు. మావయ్య, భీముడు చూస్తుండగా రెట్టించలేకపోయాను. చేయగలిగింది ఒకటే అనిపించింది. ముందు డోరు తీసి ఎక్కి కూర్చున్నాను.

“అమ్మా, వద్దు. నేను కూర్చుంటాను. ప్లీజ్,” అంది జీవిత. దాని కళ్లలో నీళ్లు చూసి కూడా, “నోరుమూసుకుని వెనక్కెక్కు,” అని కసిరాను.

నా రెండు కళ్లూ ఆయన చేతులమీదే పెట్టాను. చేతులు చక్కగా తిరుగుతున్నాయి. మలుపుకు హారన్, గుంటకు బ్రేకు. రోడ్డును నేను చూడలేదు.

అవి అక్కడి గిరిజనుల ఇటుకల పండగ రోజులు. మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురుగడ పట్టుకుని పాట పాడి, వచ్చిన బండినల్లా ఆపి పండగ కానుక అడుగుతారు. ఏటా ఎడ్విన్ ఆగి, “మీ మగోళ్లు కుందేలైనా కొట్టారేటే?” అని వేళాకోళమాడి చిల్లర ఇచ్చేవాడు. కానీ వాళ్లు ఏ రోజు ఏ మలుపులో నిలబడతారో ఎవరికి తెలుసు?

“నాన్నా! మనుషులు! ఎడమ పక్క మనుషులు!”

జీవిత కేక, బ్రేకు, వెదురు విరిగిన చప్పుడు ఒకేసారి వినిపించాయి. నా నుదురు అద్దానికి కొట్టుకుంది. కళ్లు తెరిచేసరికి నలుగురు ఆడవాళ్లు చెల్లాచెదురుగా ఉన్నారు, ఒకామె వాగుగట్టున వెల్లకిలా పడి ఉంది. పాట ఆగిపోయింది. ఇంజను చప్పుడొక్కటే మిగిలింది.

ఎడ్విన్ దిగాడు. బానెట్ తడుముకుంటూ ముందుకొచ్చి, పసుపు చీర కట్టుకుని నిలబడ్డ ముసలామె ముందు చేతులు జోడించాడు. “తల్లీ, దెబ్బ తగిలిందా?”

గట్టునుంచి మోచేతికి రక్తంతో లేచింది పడినామె. ఆమె పేరు కనక అని తరవాత తెలిసింది. “పడింది నానైతే ఆయమ్మనడుగుతావేటి? కళ్లు అగుపడ్డం లేదేటి నీకు?”

వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఎడ్విన్ కనక గొంతు వినిపించినవైపు తల తిప్పి, ఆమెకోసం గాలిలో వెతుకుతుంటే ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కనక తిట్టబోయిన నోరు మూసుకుంది.

జీవిత తన చున్నీ చింపి కనక మోచేతికి కట్టు కడుతూ ఏడ్చింది. “ఫైలు నేను చదివానమ్మా. ఎడమకంటికి చూపు దాదాపు లేదు. కుడికంటికి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఈ రెండ్రోజులూ నేను పక్కనుండి చెబుతుంటే పరవాలేదనుకున్నాం.”

రెండు నెలలు. పందొమ్మిదేళ్ల పిల్లా, దాని నాన్నా కలిసి, అదే ఇంట్లో, నా వంట తింటూ. నిన్న నేను విసుక్కున్న మేకలు, లారీలు, సైకిలాయన, అవేవీ కబుర్లు కావు. ఈవేళ ఆ కళ్లను వెనక సీట్లోకి కసిరి పంపింది నేనే. మావయ్య బండి దిగి కొడుకు దగ్గరికొచ్చి, ఎడ్విన్ మొహం ముందు చెయ్యి ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు ఊపి చూశారు. ఎడమవైపు ఊపినప్పుడు ఎడ్విన్ రెప్ప కదల్లేదు. పెద్దాయన రోడ్డుమీదే చతికిలబడ్డారు.

స్టాండులో ఎడ్విన్ దగ్గరే పని నేర్చుకున్న వరహాలరావుకు నేను ఫోన్ చేశాను. అతను బస్సులో వచ్చేసరికి మూడయింది. అప్పటిదాకా ఆ ఆడవాళ్లే మమ్మల్ని చెట్టునీడకు తీసుకెళ్లి సొరబుర్రతో అంబలి పోశారు. కనక ఎడ్విన్ చేతికి గిన్నె అందించి, పట్టుకునేదాకా వదల్లేదు. ఆయన తాగి, తాళాలు జేబులోంచి తీసి, అడక్కుండానే వరహాలరావుకు ఇచ్చాడు.

మా పెళ్లయ్యాక ఆయన ఆ బండిలో వెనక కూర్చోవడం అదే మొదలు, మావయ్యకూ నాకూ మధ్య. మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ముడుచుకున్నాడు. జీవిత ముందు సీట్లో కిటికీలోంచి బయటికి చూస్తోంది. నాలుగు మలుపులు దిగాక ఆయన గొంతు సవరించుకున్నాడు. వరహాలరావు పాట ఆపేశాడు.

“రేపట్నుంచి బండి వరహాలు తోల్తాడు,” అన్నాడు ఎడ్విన్, మెల్లగా, మా అందరికీ వినబడేలా. “ఎందుకో స్టాండులో నానే సెప్తాను. మీరెవ్వరూ నా బదులు సెప్పొద్దు.”