పదమూడో ట్యూబు

జంపక్క చెయ్యి పడితే చావబోయే కోడి లేచి గింజలు ఏరుకుంటుందని వాళ్ళ గూడెంలో పేరు. ఊరికే వచ్చిన పేరు కాదది. ఎవరింట్లో కోడి మెడ వాల్చినా ముందు జంపక్కకే కబురొస్తుంది. ఆమె కొంగుముడి విప్పి, మెడికల్ షాపులో కొన్న ఎర్రా పచ్చా గోలీ తీసి, రెండుగా విడదీసి, లోపలి పొడిని తేనెలో రంగరించి కోడి గొంతులో వేస్తుంది. మందు పేరు మాత్రం చచ్చినా చెప్పదు. పేరు నోట పడితే మందు పని చెయ్యదని వాళ్ళమ్మ చెప్పిపోయింది. అట్ట మీద రాసే ఉంది కదా అని ఎవరైనా అంటే, "రాస్తే రాయనీ. నేనైతే అనలే" అంటుంది.

ఇంత వైద్యం తెలిసిన మనిషిని శారద తన పురుగుల గదిలో పనికి పెట్టుకుని ఆరేళ్ళయింది. ఇల్లందు బస్టాండు వెనక, హమీద్ భాయ్ కుట్టుమిషన్ల దుకాణం మీది గది అది. ఒక మూల జొన్నల డబ్బాల్లో చిమ్మటలు పెరుగుతాయి. వాటి గుడ్లను జిగురుతో అట్ట మీద అంటించి, గాజు ట్యూబులో బదనిక పురుగులతో కలిపి పెడతారు. బదనిక అంటే ఆవగింజ పక్కన పెట్టినా కనిపించని ఈగ. అది పరాయి గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు నల్లబడుతుంది, లోపలి నుంచి చిమ్మటకు బదులు బదనిక బయటికి వస్తుంది. రైతులు ఆ అట్టలు కొనుక్కుపోయి మక్క ఆకులకు కడితే కాండం తొలిచే పురుగు గుడ్డులోనే ఖతం.

శారద పురుగులకు ఇంకో గొప్ప ఉంది. అవన్నీ ఆడవే. ముదిగొండ దగ్గర ఒక మక్కచేలో దొరికిన ఒకే ఒక్క పురుగు సంతానం. మగతోడు లేకుండానే కూతుళ్ళను కంటాయి, ఆ కూతుళ్ళూ అంతే. దానికి కారణం వాటి కణాల లోపల కాపురం ఉండే ఒక సూక్ష్మజీవి. అది తల్లి గుడ్డులోంచే తరువాతి తరానికి పోగలదు. కొడుకు పుడితే దాని వంశం అక్కడితో సరి. అందుకని కొడుకులనే పుట్టనివ్వదు.

ఈ సంగతి హమీద్ భాయ్‌కి నచ్చలేదు. "కిరాయికున్నోడు ఇంటోళ్ళకు ఏ పిల్లలు పుట్టాల్నో చెప్పుడేంది మేడం? మావోళ్ళు నల్లా నీళ్ళ గురించే అడుగుతరు" అన్నాడు.

మగపురుగు గుడ్లు పెట్టదు, పంటకు కాణీ ఉపయోగం లేదు. వేరేవాళ్ళ అట్టల్లో సగం మగవే ఉంటాయి. శారద దగ్గర అంతా పనిచేసే సరుకే, అందుకే ఇద్దరు ఆడవాళ్ళు ఒక్క గదితో నెగ్గుకొస్తున్నారు. ఆ సంతు పోతే గదికి తాళమే, జంపక్క పనీ పోయినట్టే. ఈ ఏడు మేలో కరెంటు కోతలకు ఫ్రిజ్‌లో దాచిన అట్టలు పాడయ్యాయి. అమ్మకాలు మార్చిలోనే ఆగాయి కాబట్టి బయట చేలల్లోనూ ఏమీ లేవు. మిగిలినవి ట్యూబులే. పదమూడు అనుకుంది శారద, చూస్తే పన్నెండు తేలాయి. ఏటా జూన్‌లో ఒకటి తక్కువ రావడం, తన మతిమరుపును తిట్టుకోవడం ఆమెకు మామూలే.

శారద మూడు రోజుల శిక్షణకని హైదరాబాద్ వెళ్ళింది. వెళ్ళిన నాటి నుంచే ఎండ దంచింది, కూలర్ ఆగిపోయింది. రెండో రోజు జంపక్క ట్యూబులు వెలుతురుకు ఎత్తి చూస్తే పురుగులు కదలడం లేదు. వాటికి రోజూ పెట్టేది తేనే కదా! కొంగుముడి విప్పింది. పన్నెండు ట్యూబులకూ, ఒక్కటి వదలకుండా, పొడి కలిపిన తేనె రాసింది. సాయంత్రం వానజల్లు పడి చల్లబడింది, పురుగులు లేచి తిరిగాయి. చేతివాసి అంటే అదీ అనుకుంది జంపక్క.

శారద తిరిగొచ్చి, "మంచిగ కాపాడినవే అక్కా, ఏం చేసినవ్?" అని అడిగింది. మందు పేరు చెప్పకూడదు కాబట్టి జంపక్క నవ్వి ఊరుకుంది.

పది రోజులకు కొత్త తరం బయటికొచ్చింది. శారద ఒకదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఇంకోటి పెట్టింది. పన్నెండు ట్యూబులూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు స్టూలు మీంచి లేచి నేల మీద కూర్చుంది.

"మీసాల మీద బొచ్చున్నది అక్కా" అంది.

"మీసాలుంటే ఏమాయె?"

"అట్ల బొచ్చుండేది మగవాటికే. అన్నీ మగవే. నాలుగు రోజులల్ల చస్తయ్. ఎనక ఎవరూ లేరు." శారద ఒక ట్యూబును వెలుతురుకు ఎత్తి చూసింది. "మగతోడు లేని గుడ్డును ఆడపిల్లను చేసేది ఒంట్ల జీవే. అది చచ్చింది, అందుకే అన్నీ మగవైనయ్. మందు తాకితేనే గట్లయితది. మన గదిలకు మందు ఎక్కడ్నుంచొస్తది?"

జంపక్క కొంగుముడిని పిడికిట్లో పట్టుకుంది. ఆరేళ్ళుగా అన్నం పెట్టిన పురుగులు, కన్నపిల్లల్లాగా సాకినవి! తన చేత్తోనే నిలువునా ముంచింది. నోరు మూసుకుంటే తప్పు తేనె మీదికో ఎండ మీదికో పోతుంది, ఎవరికీ తెలియదు. కానీ ఆమెకు ఇంకో ఆలోచన తోచింది. పేరు చెబితే మందు పని చెయ్యదు కదా.

"టెట్రాసైక్లిన్" అంది గట్టిగా. శారద తలెత్తింది. "టెట్రాసైక్లిన్, టెట్రాసైక్లిన్. నేనే పెట్టిన మేడం, కోళ్ళకు పెట్టే గోలీ. ఇగో, పేరు చెప్పిన. ఇంక పని చెయ్యకుండ పోతదా?"

కింద దుకాణంలో మిషను ఆగింది. శారద ఆమె ముఖంలోకి చూసి, తిట్టడానికి తెరిచిన నోరు మూసింది. "పోదు అక్కా" అంది నీరసంగా. "ఒక్క ట్యూబన్న వదిలిపెట్టినవా?"

"లేదు. పన్నెండిటికీ పెట్టిన." జంపక్క ఏడుపు మొదలుపెట్టబోయి ఆగిపోయింది. రెండో తప్పు చెప్పడం మొదటిదానికన్నా కష్టమైంది. "పదమూడోది మా ఇంట్ల ఉన్నది."

విత్తనాల పండుం అనే పండుగ నాడు గూడెంలో ప్రతి ఇల్లూ తను చేలో వేయబోయే విత్తనం తీసుకెళ్ళి ఊరి తల్లి ముందు పెడుతుంది. పెట్టకుండా చేలో వేస్తే తప్పు. ఈ నల్లగుడ్లూ చేలో వేసేవే కదా అని జంపక్క ఏటా ఒక ట్యూబు కొంగున కట్టుకుపోయేది. ఈసారి శారద ఊరెళ్ళడానికి రెండు రోజుల ముందు పండుం అయింది. అట్టను జొన్నలతో పాటు తల్లి ముందు పెట్టి, జొన్నలతో పాటే తెచ్చి గుమ్మిలో పోసేసింది.

"ఆరేండ్ల సంది నాకు మతిమరుపు అనుకుంటున్న" అంది శారద. తరువాత స్కూటీ తాళం వెతుక్కుంది.

గూడెం చేరేసరికి జంపక్క భర్త బొజ్జయ్య గుమ్మి ముందు చేట పట్టుకుని ఉన్నాడు. చిమ్మట పట్టిందని, జొన్నలు తీసి ఎండలో పోయబోతున్నాడు. శారద "ఆగు!" అని అరిచిన అరుపుకు చేట జారిపోయింది.

"పురుగులుంటేనే మంచిదంటున్నది మేడం" అని జంపక్క సర్దిచెప్పింది. బొజ్జయ్య ఇద్దరినీ చూశాడు. "మంచిదే అయితే ఇంకా శాన ఉన్నయ్, తీస్కపోండ్రి" అన్నాడు.

శారద జొన్న దుమ్మును జల్లెడ పట్టి భూతద్దం కింద వెతికింది. అట్టలోంచి వచ్చిన బదనికలు గుడ్లు పెట్టుకోవడానికి చిమ్మట గుడ్లు బోలెడు. పొద్దు వాలేసరికి వాటిలో నల్లవి పంతొమ్మిది దొరికాయి. లోపల ఏం పెరుగుతున్నదీ పొదిగితే తప్ప తెలియదు. ఆ నాలుగు రోజులూ జంపక్క మొదటి బస్సుకే వచ్చింది. అన్నం సయించలేదు. కొంగుముడి ఖాళీగా ఉంది.

ఐదో రోజు పొద్దున శారద మైక్రోస్కోపు దగ్గర్నుంచి జరిగి, "నువ్వే చూడు" అంది. జంపక్క ఒంటికన్నుతో చూసింది. మీసాలు నున్నగా ఉన్నాయి. రెండోదానికీ అంతే. పంతొమ్మిదీ చూసింది, ఒక్కదానికీ బొచ్చు లేదు. అప్పుడు ఆమె తలుపు దగ్గర కూలబడి, నాలుగు రోజులుగా బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది. ఏమైందోనని హమీద్ భాయ్ మెట్లెక్కి వచ్చాడు. అన్నీ ఆడపిల్లలేనని శారద చెప్పింది. "ముబారక్" అని ఆయన కిందికి దిగిపోయాడు.

నెల తిరిగేసరికి ట్యూబులు నిండాయి. శారద ఒకదాని మీద పదమూడు అని రాసి, తడిగుడ్డలో చుట్టి జంపక్క చేతిలో పెట్టింది. "ఇది ఎప్పటికీ మీ గుమ్మిలనే ఉండాలె అక్కా. దీనికి మాత్రం ఏ మందూ పెట్టకు."

"పెట్ట" అంది జంపక్క కొంగున ముడేసుకుంటూ. "పెడితే పేరు చెప్త."