మొక్కుబడి పోతు

ఆదిశేషమ్మ తెలివితక్కువ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ తర్వాత మైపాడు పాళెంలో అందరూ ఆమెను ఆ మాటే అన్నారు. ఊరి నోళ్ళకు మూతలుంటాయా?

అది యాభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. ముందటేడు వానలు మొహం చాటేశాయి. ఒడ్డున ఇసుకలో జిల్లేడు తప్ప పచ్చనిదేదీ కంటపడలేదు. మొగుడు ముత్యాలయ్య పట్టిన చేపలు గంపల్లో నెల్లూరికి పోతే, ఇంట్లో మిగిలేది గంజి, ఉప్పుచేప ముక్క. పిల్లలిద్దరు: ఐదేళ్ళ మునెయ్య, వాడి చెల్లెలు పేరమ్మ. మునెయ్యకు ముందు పుట్టిన మగపిల్లలంతా పురిట్లోనే పోయారు. అందుకే వాడు బతికి బట్టకడితే మేకపోతునిస్తానని పోలేరమ్మకు మొక్కుకుంది. వాడు బతికాడు గానీ మొక్కు ఏటికేడాది వాయిదా పడుతూ వచ్చింది. చివరికి ఆ ఏడు జాతరకని ఒక పోతును మేపుతున్నారు.

ఆ పోతు ఒకనాడు మసకచీకట్లో వచ్చి గోడకు గుద్దుకుంది. కొన్నాళ్ళకు పగలు కూడా తడుముకోవడం మొదలుపెట్టింది. గొడ్లకు సూదులేయడానికి వచ్చిన పశువుల డాక్టరు జయరామయ్య దాని కనురెప్ప ఎత్తి చూశాడు.

"మేతలోపం అమ్మా. పచ్చిమేత లేకపోతే ఇట్టానే అవుతాది."

"అదే ఎండుగడ్డి పక్కనున్న పెంటిమేక గూడా తింటా ఉండాది గదయ్యా. దాని చూపు బాగానే ఉండాదే?"

"ఈ జబ్బు మగవాటికి ముందొస్తాది. ఆడవి కొన్నాళ్ళు తట్టుకుంటాయి. ఎందుకో నాకూ తెలవదు" అని ఆయన సైకిలెక్కాడు.

ఆదిశేషమ్మకు నవ్వొచ్చింది. కూటికి కరువొస్తే ముందు ఎండిపోయేది ఆడదే, తన తల్లిని చూసింది, అత్తను చూసింది. మేతలోపమైతే మగదానికి ముందు రావడమేమిటి? ఇది మేత కాదు. మొక్కు తీర్చలేదని అమ్మవారు తన పోతును తానే పట్టుకుంది. అంతే.

పోతు గుడ్డిదైపోయింది. గుడ్డిదాన్ని అమ్మవారికి ఇవ్వకూడదు. ముత్యాలయ్య ఇంకో పోతు కోసం వెతుకుతుండగానే మునెయ్య దీపాలవేళ గంజికుండ తన్నుకుని పడ్డాడు. మర్నాడు సాయంత్రం తల్లి చెయ్యి చాపితే గాల్లో వెతికాడు.

పక్కింటి మస్తానమ్మ చూసి, "రేచీకటేమో. పెద్దాసుపత్రికి తీసకపో అక్కా, బిడ్డకు తిండి చాల్లేదు" అంది.

"ఒకే కుండలో గంజి మస్తానమ్మా. వాడికి అడుగు మెతుకులేసి, పేరమ్మకు పైతేట పోస్తా ఉండాను. తిండి చాలకపోతే ముందు దానికి రావాల గదా. అది చూడు, చీకట్లో గూడా తూనీగ మాదిరి తిరగతా ఉండాది."

మస్తానమ్మ పేరమ్మ పరుగులు చూసి, నిజమే గదా అనుకుంటూ తన ఇంట్లోకి పోయింది.

జాతరదాకా ఆగారు. మచ్చలేని పోతును ఇచ్చి మొక్కు తీర్చారు. ఆలోపల మునెయ్య కళ్ళలో తడి ఆరిపోయింది, ఏడ్చినా నీళ్ళు రాలేదు. జాతర మర్నాడు జ్వరం కాసింది. జ్వరం దిగిన పొద్దున, ఎండ చుర్రుమంటుంటే, వాడు దీపం పెట్టమన్నాడు. ఆదిశేషమ్మ వాడి మొహం పైకెత్తి చూసింది. నల్లగుడ్లు రెండూ ఉడికిన చేప కన్నుల్లా తెల్లబడి ఉన్నాయి. వాణ్ణి భుజాన, పేరమ్మను చంకన వేసుకుని నెల్లూరు బస్సెక్కింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మునెయ్యను చాలాసేపు చూసింది. ఆ తర్వాత పేరమ్మను దగ్గరకు లాక్కుని దాని తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చ చూపించింది.

"తిండిలోపమే, దీనికీ మొదలైందమ్మా. మగపిల్లలకు తొందరగా ముదురుతుంది, అంతే తేడా. ఈ పిల్ల బాగుంది కదా అని ఊరుకున్నావా?"

ఆదిశేషమ్మ అవునని తలూపింది. డాక్టరమ్మ మందుసీసా చేతికిచ్చింది. సొరచేప కార్జం నూనె. మూత తియ్యకముందే ఆ కంపు ఆమె పోల్చుకుంది. పాళెంలో ఒడ్డునే కాచి పడవలకు పూస్తారు దాన్ని.

"వాడికి రెండింతలు పోస్తే వస్తాయా తల్లీ, కళ్ళు?"

"కరిగిపోయిన గుడ్డును ఏ నూనె కూడా వెనక్కి తేలేదమ్మా. వాడి ఒంటికి మంచిదని పొయ్యి. ఈ పిల్లకు మాత్రం ఒక్కపూట మానొద్దు."

ఇంటికొచ్చి ఇద్దరినీ గడప మీద కూర్చోబెట్టింది. మునెయ్య తన చెంచా నూనె మొహం చిట్లించకుండా మింగాడు. పేరమ్మ కంపుకు ఏడుస్తూ మొహం తిప్పుకుంది.

"చెల్లికెందుకమ్మా?" అన్నాడు మునెయ్య. "దానికి బాగా కనపడతానే ఉండాది గదా. దానిది గూడా నాకే పొయ్యి, తొందరగా కనపడతాది."

పేరమ్మ పుట్టింది మొదలు దాని వంతులో సగం తీసి వాడికి వేసిన చెయ్యే ఆదిశేషమ్మది. పేరమ్మ నూనె చెంచాతో ఆ చెయ్యి అలవాటుగా వాడి వైపు సగందాకా పోయింది. ఆగింది. ఆదిశేషమ్మ పేరమ్మ దవడ గట్టిగా పట్టుకుని నూనె గొంతులో పోసింది, మింగేదాకా వదల్లేదు.

మునెయ్య నోరు తెరుచుకుని చెంచా కోసం చూస్తూనే ఉన్నాడు.