తెరమీద ఐదు వేళ్లు

మార్చి పద్నాలుగున సాయంత్రం ఆట. దానికి ముందు ప్రొజెక్షను గదిలో ఆపరేటరూ, అతని అత్తగారూ చెరో ఉడకబెట్టిన గుడ్డూ ఇంత రొట్టే తిన్నారు. పెంకు ఒలిచి ఆవిడే అతని చేతికిచ్చింది. కూతురు పోయి నాలుగేళ్లయినా అల్లుడి విషయంలో ఆ అలవాటు మానలేదు.

కొడుకును తెరమీద చూడాలని వచ్చిందావిడ. వాడు షూటింగుల్లో లైట్లు మోస్తాడు. తెల్లదొరల దురాగతాల మీద కళాఖండం తీస్తున్న డైరెక్టరుకు వాడి వీపు నచ్చింది. కొరడా నిజంగా తగిలితే తప్ప చరిత్రకు న్యాయం జరగదన్నాడట. పదకొండు టేకులు ఆ న్యాయం వాడి వీపుమీదే జరిగింది. ఇంట్లో మాత్రం నిచ్చెన మీంచి పడ్డానని చెప్పి, అమ్మకు తెలియనివ్వనని బావచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆపరేటరు రావద్దని ఎంత నచ్చజెప్పినా ఆవిడ వింటేగా.

హాలు నిండా మేధావులు. డైరెక్టరు శాలువా సర్దుకుంటూ అరగంట మాట్లాడాడు. బానిస శరీరమే తన కావ్యమన్నాడు. ఆ శరీరం గల మనిషి పేరు మాత్రం నోటికి రాలేదు.

నాలుగో రీల్లో కొరడా పైకి లేచింది. ఆపరేటరు సౌండు పూర్తిగా తగ్గించి, లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. తెరమీద ఒక్క క్షణం ఐదు వేళ్ల నీడ కనపడి, మూడు నిమిషాలు చీకటి.

ఎగిరిపడి లేచాడు డైరెక్టరు. ఈలోగా ముందు వరసలో ఒక విమర్శకుడు, చరిత్రను కప్పిపెట్టే సామ్రాజ్యపు హస్తం అని పరవశించాడు. చప్పట్లు మోగాయి. డైరెక్టరు మెల్లగా కూర్చున్నాడు. ఆట అయ్యాక, ఆ హస్తం కోసం రెండేళ్లు నిద్ర మానుకున్నానని అందరికీ వివరించాడు.

అత్తగారు మెట్లెక్కి పైకొచ్చింది.

"ఆ చెయ్యి నీదే కదూ నాయనా? చిటికెన వేలు వంకర నాకు తెలీదూ."

అతను ఆ చేతిని వెనక్కి దాచుకున్నాడు.

"నెల్లాళ్లు వాడి వీపుకి మందు రాశాను. నిచ్చెన మీంచి పడితే అలాంటి వాతలు తేలతాయా?"

"మరి తెలిసీ ఎందుకొచ్చారత్తయ్యా?"

"కొట్టించినవాడి మొహం చూద్దామని. శాలువా బాగుంది. నాకు తెలుసని మావాడికి చెప్పకు. ఇంకా సిగ్గుపడతాడు."

కింద డైరెక్టరు హస్తం గురించి ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆపరేటరు దీపం ఆర్పి, మిగిలిన రొట్టె పొట్లం కట్టి ఆవిడ సంచిలో పెట్టాడు. ఆ రాత్రికి ఇక ఆటల్లేవు. తలుపు చప్పుడు కాకుండా మూశాడు.