నేను మెత్తగా పలికిన ఆదివారం

నేను ఒక క్లారినెట్‌ని. నల్లటి ఒళ్లు, దాని మీద వెండిరంగు మీటలు, ఊదే చోట రెల్లుముక్కతో చేసిన చిన్న రీడు. నెమ్మదిగా మాట్లాడడం నాకు పుట్టుకతో రాలేదు. మీరట్‌లో ఒక ఇరుకు సందులో నన్ను తయారుచేసిన ముసలాయన, పక్కవీధి కుక్కలు మొరిగేదాకా ఊది చూసి అప్పుడు నన్ను పెట్టెలో పెట్టాడు. అదే నాకు దక్కిన తొలి మెప్పు.

అక్కడినుంచి అనకాపల్లి చేరి, పెళ్లిమేళంలో ఊదే అప్పలకొండ చేతిలో పడ్డాను. ఇరవై రెండేళ్లు ఊరేగింపుల ముందు నడిచాను. ఒకవైపు డ్రమ్ములు, ఇంకోవైపు జనరేటరు, మధ్యలో టపాకాయలు. వీటన్నిటి మీదా నా గొంతే వినబడాలి. మనుషులు భలే వింతవాళ్లు. మేళాన్ని వాళ్లే పిలుస్తారు, అది వచ్చాక చెవులు మూసుకుంటారు, మూసుకోవలసి వచ్చిందని మురిసిపోతారు. ఆ ఇరవై రెండేళ్లలో నేను మాత్రం ఇంకొకరి పాట వినలేదు. వినే తీరికెక్కడిది?

అప్పలకొండ కొత్త క్లారినెట్ కొనుక్కున్నాక నేను ఆయన కూతురు నూకరత్నానికి వచ్చాను. పదమూడేళ్ల పిల్ల. మేళంలో ఆడపిల్లల్ని చేర్చుకోరు. అందుకని బెల్లం మార్కెట్ వెనక కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు నడిచే పిల్లల ఆర్కెస్ట్రాలో చేరింది. అదేదో సినిమా పాటల ఆర్కెస్ట్రా అనుకుని అప్పలకొండ, "మరి పాటలెవులు పాడతారే?" అని అడిగాడు. ఎవరూ పాడరని, నలభై మంది పిల్లలు కలిసి వాయిస్తారని చెబితే నమ్మలేనట్టు చూశాడు.

మొదటి ఆదివారమే మా పరువు పోయింది. నూకరత్నానికి ఇంటి పెరట్లో నాన్న వెనకాల నడుస్తూ ఊదడమే అలవాటు. కుర్చీలో కూర్చోబెడితే తాళం దొరక్క కాళ్లు నేలకేసి కొట్టింది. పాట సగానికొచ్చేసరికి కుర్చీతో సహా ముందుకు జరిగి వయొలిన్ల మధ్య తేలింది. పిల్లలు పడీపడీ నవ్వారు. అంతకన్నా పెద్ద తప్పు నాది. ఊరేగింపు గొంతుతో అందర్నీ ముంచేశాను. అందరికన్నా ఎక్కువగా మునిగిపోయింది షబానా. తొమ్మిదేళ్ల పిల్ల, మాటా సన్నం, వయొలినూ సన్నం.

నేర్పే విమల టీచరు మూడు వారాలు ఓర్చుకుంది. నాలుగో వారం పక్కకి పిలిచి చెప్పింది.

"రత్నం, వార్షికోత్సవంలో షబానా ముందుండి వాయించే ముక్క ఉంది, మిగతావాళ్లు వెనకాల మెల్లగా వాయించాలి. నీ మోతలో అది వినబడకపోతే నిన్నిక ఇక్కడ ఉంచలేనమ్మా."

దారంతా నూకరత్నం ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. గట్టి గొంతు ఉండడం కూడా నేరమేనా? ఇక మానేస్తుందనుకున్నాను. మానలేదు. తన వంతు లేని చోట్ల నన్ను ఒళ్లో పెట్టుకుని, పక్కవాళ్లు వాయించేది పెదాల మధ్యే పాడుకోవడం మొదలుపెట్టింది. పెళ్లిమేళంలో వంతు లేకపోవడమనేదే ఉండదు. మొదట్లో ఆ ఖాళీ నాకు శిక్షలా అనిపించింది. తర్వాత వేణువు ఊదే పిల్లాడు ఊపిరి తీసుకోవడం వినబడింది. ఆ తర్వాత షబానా వినబడింది. ఎంత బాగా వాయిస్తోందో! నాకు నిజంగా సిగ్గేసింది. పదివారాలు తిరిగేసరికి నూకరత్నానికి అందరి వంతులూ నోటికొచ్చేశాయి.

వార్షికోత్సవం నాడు ఉదయం హాలు కిటకిటలాడింది. మధ్యాహ్నం పెళ్లి ఉండడంతో అప్పలకొండ మేళం యూనిఫాంలోనే వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. షబానా తన ముక్క వాయించడానికి లేచేసరికి, ఉక్కపోతకి తాళలేక ఎవరో ఫ్యాను పెంచారు. ఆమె ముందున్న స్వరాల కాగితం లేచి జనంలోకి ఎగిరిపోయింది. షబానా చేతిలో వయొలిన్ కమాను ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. టీచరు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

అప్పుడు నూకరత్నం నన్ను పెదాలకి ఆనించుకుంది. నాకు భయమేసింది. ఇప్పుడు గట్టిగా పలికితే మా ఇద్దరి పనీ సరి. కానీ ఆమె కొంచెం ఊపిరి మాత్రమే వదిలింది. షబానా వంతులోని మొదటి నాలుగు స్వరాలు, షబానాకి వినబడేటంత మెత్తగా. నాలో అంత మెత్తదనం ఉందని నన్ను చేసిన ముసలాయనకి కూడా తెలియదు.

షబానా ఇటు తిరిగి చూసింది. ఐదో స్వరం ఆమె వయొలిన్ పలికింది. తర్వాత ఇక వెనక్కి చూడలేదు. ఆ సన్నటి పాట హాలు చివరిదాకా వెళ్లింది. చప్పట్లు మోగిపోయాయి. టీచరు షబానా చేత నమస్కారం పెట్టించి, నూకరత్నాన్ని కూడా లేచి నిలబడమంది. "వచ్చే ఏడాదికీ ఈ కుర్చీ నీదే," అంది.

ఇంతలో అప్పలకొండ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఏటయిందే? రీడిరిగిపోనాదేటి? నీది ఇనబడనే నేదు!"

"ఆ సిన్నపిల్లది ఇనబడినాదా నానా?"

"ఆఁ, సుబ్బరంగా ఇనబడినాది."

"అయితే నాదీ ఇనబడినట్టే."

ఇది జరిగి పదకొండేళ్లయింది. ఇప్పుడు అదే హాల్లో నూకరత్నం టీచరు, షబానా వయొలిన్లకి పెద్ద. పాత సామాన్లవాడు నన్ను రెండుసార్లు అడిగి తిట్లు తిని పోయాడు. ఈ ఏడు నన్నొక కొత్త పిల్లకిచ్చారు. కిటికీలు అదిరేలా ఊదుతుంది, గడుగ్గాయి! వచ్చే ఆదివారం మళ్లీ వార్షికోత్సవం. కొత్త పాట మధ్యలో నాకు చాలాసేపు వంతు లేదు. అందరూ వినబడే ఆ కాసేపటి కోసమే ఎదురుచూస్తున్నాను.