జీవమ్మ కోపంతో నడిచిన కంప్యూటర్

ఆళ్లగడ్డలో జీవమ్మ ఉండే వీధిలో కరెంటు పోతే ఎవరూ దిగులుపడరు. పక్కింటి సుగుణమ్మ మిక్సీ ఎత్తుకొని వచ్చి, "మీ కోడి మా కొత్తిమీరంతా పీకి పాడుచేసె" అంటుంది. జీవమ్మకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, సుగుణమ్మ పచ్చడి నూరుకొని పోతుంది. కోపమొస్తే ఆమె ఒంట్లోంచి కరెంటు రావడం చిన్నప్పట్నుంచీ ఉన్నదే. కూతురు రమ్యకు ఆ గుణం రాలేదు. ఆ పిల్లకు కోపమే రాదు, అదే దాని ఖర్మ.

ఆ రోజు జీవమ్మ పొద్దున్నే మండిపోతా కూతుర్ని తీసుకొని నంద్యాల బస్సెక్కింది. అల్లుడు అజయ్ కుమార్ రమ్యను బూతులు తిట్టి కొట్టినదంతా రమ్య ఫోన్‌లో రికార్డయి ఉంది. ఆ సాయంత్రమే పంచాయితీ. "బంగారమట్లా పిల్లోడు, కొట్టినాడంటే సాక్ష్యం చూపీండి" అని ముందే చెప్పినారు పెద్దమనుషులు. థూ, వాళ్ల పెద్దరికం తగలెయ్య! ఆడపిల్ల చెంప మీద వాపు వాళ్లకు సాక్ష్యం కాదంట. చూపిద్దామంటే ఆ పాడు ఫోను అప్‌డేటు మధ్యలో కంపెనీ గుర్తు దగ్గర బిగుసుకుపోయింది. ఆళ్లగడ్డ అంగళ్లవాళ్లు చేతులెత్తేసినారు.

నంద్యాల బస్టాండు ఎదురుగా శ్యాంసుందర్ రిపేరు అంగడి. అతను ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, పక్క బటన్లు నొక్కి పట్టుకున్నాడు.

"రీస్టోర్ కొడితే బేగా అయిపోతాది అక్కా. లోపలుండేదంతా తుడిచిపెట్టుకు పోతాది."

"పోతే నిన్ను ఈడ్నే పాతిపెడ్తా!" అంది జీవమ్మ. అంగట్లో ట్యూబ్‌లైటు ధగధగమంది.

"సరే, అప్‌డేటే మళ్లీ కొడ్తా. రికార్డు ఉంటాది. మధ్యలో మాత్రం ఆగకూడదు. ఆగితే ఇది రాయే, మీ ఆళ్లగడ్డ శిల్పులకిచ్చి బొమ్మ చెక్కించుకోవాల."

సగం అయ్యేసరికి యాడో తీగ మీద కొమ్మ పడి కరెంటు పోయింది. కంప్యూటర్ కింద బ్యాటరీ పెట్టె ఛార్జి అయిపోతాందని కీచుకీచుమంది. జీవమ్మ దాని ప్లగ్గు గోడలోంచి పీకి గుప్పిట్లో బిగించింది.

"కోపం తెప్పించప్పా, ఏమన్నా అను!"

"ఆళ్లగడ్డోళ్లకు ఫోన్లెందుకు?" అన్నాడు శ్యాంసుందర్. "నీ అల్లునిది తప్పేమీ లేదేమో," అన్నాడు. తెర మీద అప్‌డేటు గీత ముందుకు పాకింది. అయినా ఎంత కోపమని నిలుస్తుంది? పొద్దున్నుంచీ మండి మండి ఆమె అలిసిపోయింది. తెర మసకబారింది.

"నువ్వు తిట్టు రమ్యా," అంది రొప్పుతా.

రమ్య తలెత్తకుండా అంది. "మొదటిసారి కొట్టినప్పుడు నీకు ఫోన్ చేసినా మా. సర్దుకుపో అంటివి."

జీవమ్మకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. తెర ఇంకా నల్లబడింది.

"ఏడుస్తాండావా?" రమ్య గొంతు లేచింది. "ఆ పొద్దు నేనేడిస్తే వింటివా? వాడు కొట్టె, నువ్వు సర్దుకోమంటివి, ఆ ముసలోళ్లు సాక్ష్యం అడగబట్టిరి. నేనేమన్నా గొడ్డునా?"

తల్లి చేతిలోంచి ప్లగ్గు లాక్కుంది. తెర తెల్లగా వెలిగింది. ట్యూబ్‌లైట్లన్నీ వెలిగినాయి, పక్క జ్యూస్ అంగట్లో మిక్సీ గిర్రున తిరిగింది. ఫోన్ తెరుచుకుంది. రికార్డు ఉంది.

"తల్లి పోలికే," అని శ్యాంసుందర్ కేబుల్ చుట్టిపెట్టినాడు.

అంతలో రమ్యకు అజయ్ కుమార్ ఫోన్ చేసినాడు. "యాడుండావే? పంచాయితీలో నోర్మూసుకొని కూర్చో. అయినాక ఇంటికి పోదాం."

"పంచాయితీకి వస్తాండా," అంది రమ్య. "నీ ఇంటికి రాను."

మిట్టమధ్యాహ్నం బస్టాండులో దీపాలన్నీ వెలుగుతున్నాయి. జీవమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. షాకు కొట్టింది. అయినా వదల్లేదు.