సురబాయలో పొద్దు గూకింది

అయినా ఒక్క మనిషి నవ్వు ఇంటికి తెచ్చుకోవడానికి ఇన్ని తీగలు కావాలా, అనుకుంటూనే కొత్తగా కొన్న ఆ నల్ల నెట్‌డబ్బాను టీవీ వెనక దూర్చాను, సబ్బుబిళ్ళ కంటే పెద్దదేం కాదు, దీని కడుపులో లోకంలోని బొమ్మలన్నీ ఉన్నాయట, ఉంటే ఉండవచ్చు, నేను పడవ మీద ఉన్న రోజుల్లో కోసిన చేప కడుపులో లాంతరు వెలుగుతూ దొరికింది, ఆ మాట మా తార్సి పెళ్ళయిన నాటినుంచీ నమ్మలేదు, నమ్మలేదు గాని నవ్వింది, ఆ నవ్వే ఇప్పుడు గోడ అవతల నుంచి వినబడుతోంది, వాళ్ళ చెల్లెలు రోఖాయా ఇంట్లోంచి, సాయంత్రమయితే చాలు వేయించిన టెంపె, అదే పులిసిన సోయాగింజల బిళ్ళ, బజ్జీల పళ్ళెం పట్టుకుని అక్కడికి పోతుంది, ఈ రంజాన్‌లో ఉపవాసం విడవడం కూడా అక్కడే, వెనకాలే నేనూ వెళ్ళి తోడల్లుడు దక్లాన్ పక్కన చుట్టపుచూపుగా కూర్చుని, సొంత పెళ్ళాం చేతి బజ్జీ పొరుగింటి పళ్ళెంలో తింటున్నాను.

ఆమెనని ఏం లాభం, పాత ఏంటెన్నా పోయాక టీవీలో ఉన్నవాళ్ళంతా వేరు కాపురాలు పెట్టారు, ఆమె సీరియల్ ఒక యాప్‌లో, బ్యాడ్మింటన్ ఇంకొకదానిలో, డాంగ్‌దుత్ పాటలు మరెక్కడో, ఒక్కోదానికి ఒక్కో తాళం, ఇది ఇల్లా సత్రమా కాంగ్, నా సీరియల్ ఏ గదిలో పడుకుందో వెతికేలోపు అందులో పిల్లకి పెళ్ళయి కడుపు కూడా వచ్చేస్తోంది, అని, మావైపు మొగుణ్ణయినా అన్ననయినా కాంగ్ అనే పిలుస్తారు, రిమోట్ నా ఒళ్ళో పడేసి లేచిపోయిన మనిషి, ఇవాళ తెల్లవారుజామున సహరి అన్నం దగ్గర మెత్తబడింది, సరే కాంగ్, అన్నీ ఒక్క తెర మీద, ఒక్క నొక్కుకి రావాలి, సాయంత్రం అజాన్‌తో సహా, వస్తే బజ్జీలు మనింట్లోనే, రాలేదా, పండగ దాకా నేను గోడ అవతలే, మళ్ళీ టీవీ ఊసెత్తితే ఊరుకోను, అంది, పండగ ఇంకా ఎంతో దూరంలో ఉంది, ఈ డబ్బా లొంగకపోతే అంతకాలం నాకు ఆ చుట్టపుచూపే గతి.

లొంగదీశాను, ఊరికే లొంగిందా, తెర మీద అక్షరాలు పరిచి పేరు రాయమంటుంది, ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి పీతలా పక్కకి నడవాలి, తస్రిపిన్ అని నా పేరు పూర్తయ్యేసరికి బొటనవేలు వాచింది, తర్వాత యాప్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా పిలిచి, నువ్వు ఇటు రా, నువ్వు అటు జరుగు అని పెళ్ళి పందిట్లో బంధువుల్ని సర్దినట్టు ఒకే తెర మీద కూర్చోబెట్టాను, పైవరసలో అజాన్ వచ్చే చానెల్, దాని కింద తార్సి సీరియల్, కింద పాటలు, అట్టడుగున దక్లాన్ బ్యాడ్మింటన్, వాడికి అదే ఎక్కువ, చివరికి డబ్బా అడిగింది, మీ నగరం ఏది అని, జకార్తా ఉంది, సెమరాంగ్ ఉంది, సురబాయ ఉంది, మా తెగాల్ లేదు, లేకపోతే పోయె, ఊరి పేరడిగితే పడవవాడు పుట్టినూరు చెబుతాడా, మనసు పడ్డ రేవు చెబుతాడు, సురబాయ మీద నొక్కాను, నొక్కి గోడ మీదుగా కేక వేశాను, తార్సీ, వచ్చెయ్, అందరూ ఒకే ఇంట్లో ఉన్నారు.

వచ్చింది, ఒక్కతే వస్తుందా, వెనక కొబ్బరిపాల అరటిపండు పాయసం గిన్నెతో రోఖాయా, ఆమె వెనక ఖాళీ చేతులతో దక్లాన్, ఏం కాంగ్, డబ్బా పనిచేస్తుందా లేక ఇదీ లాంతరు మింగిన చేపేనా, అంటూ చాప మీద నాకంటే ముందు కూర్చున్నాడు, తార్సి రిమోట్ తీసుకుని ఒక్క నొక్కు నొక్కింది, సీరియల్ అత్తగారి మొహం తెరనిండా వచ్చింది, అబ్బో, అంది, ఆ ఒక్క అబ్బో చాలు నా వాచిన బొటనవేలికి, మట్టికూజాలో టీ పొగలు కక్కుతోంది, కప్పుల అడుగున పటికబెల్లం ముక్కలు, వాటిని కలపకూడదు, చేదు తాగుతూ తీపి దాకా వెళ్ళాలి, అది మావాళ్ళ పద్ధతి, తార్సి ఇంకో నొక్కుకి పైవరస చానెల్ పెట్టిందో లేదో టీవీలో అజాన్ మోగింది, టీవీ మోగితే మావాళ్ళ చేయి దానంతట అదే లేస్తుంది, గడియారం ఎవడు చూస్తాడు, దక్లాన్ బజ్జీ పెదవి దాకా పోయింది, నా కప్పు గడ్డం దాకా వచ్చింది.

ఆగండి, అని తార్సి నా మణికట్టు పట్టుకుంది, పొద్దు గూకగానే కొట్టే మన మసీదు డోలు ఇంకా మోగలేదు, ఎదురింటి పెంకుల మీద ఎండ చూడండి ఎలా ఉందో, ఇంత ఎండలో అజాన్ ఏమిటి, కాంగ్, ఈ పెట్టెకి ఏ ఊరని చెప్పావు, సురబాయ తూర్పున ఉంది, అక్కడ పొద్దు మాకంటే పావుగంట ముందే గూకుతుంది, సముద్రం మీద తల నెరిసినవాడికి ఇది తెలియదా, అయిపోయింది, పళ్ళెం ఎత్తుకుని గోడ దాటిపోతుంది, పండగ దాకా అంతే, అనుకుంటూ గొణిగాను, సురబాయ.

దక్లాన్ బజ్జీని పెదవి దగ్గరే పట్టుకుని, నాలుక తగల్లేదు, అందరూ సాక్ష్యం, దేవుడికి కాస్త చెప్పండి, అన్నాడు, రోఖాయా కొంగు నోట్లో కుక్కుకుంది, నాలుక తగల్లేదు సరే, వాసనతోనే సగం బజ్జీ మింగేశాడమ్మా, అంది, ఇక తప్పదని నేనూ నోరు తెరిచాను, అక్కడ పొద్దు ముందెందుకు గూకుతుందో తెలుసా, మా పడవ వంటవాడు ఓసారి ఆకలికి ఆగలేక సూర్యుడికి లంగరుతాడు వేసి కిందికి లాగాడు, తాడు కొస పట్టుకున్నది నేనే, అన్నాను, తార్సి కళ్ళు చిన్నవి చేసి, మరి అంత మొనగాడివి, మన తెగాల్‌లో ఎందుకు లాగలేకపోయావు కాంగ్, అంది, ఇటువైపు మీ నాన్న పట్టుకున్నాడే, పొద్దు గూకితే పెళ్ళి అయిపోతుంది, పిల్లని నాకివ్వాల్సొస్తుందని, అన్నాను, అంతే, ఆమె నవ్వింది, చాప మీద వెనక్కి వాలి, మా ఇంటి గోడలు వినేలా, ఎన్నాళ్ళకో నవ్వింది, తెర మీద సురబాయ జనం పండ్లు తింటున్నారు, మేము గుటకలు మింగుతూ వాళ్ళ పళ్ళేలు చూసి ఒకరినొకరం ఏడిపించుకుంటున్నాం, ఆ సందడిలో మసీదు డోలు మోగిందని రోఖాయా చెబితే గాని తెలియలేదు.

చేదు టీ గుక్కెడు తాగి, ఊరు మార్చేస్తానే, సెమరాంగ్ పెడితే దగ్గరగా ఉంటుంది, అని రిమోట్ కోసం చేయి చాచాను, తార్సి చటుక్కున లాక్కుని మోకాలి కింద దాచింది, ముట్టుకున్నావంటే చూడు, సురబాయే ఉండనీ, ముందు వాళ్ళు తింటారు, మనం డోలు మోగేదాకా కూర్చుని నవ్వుకుందాం, రేపు ఆ తాడు సంగతి పూర్తిగా చెప్పాలి నువ్వు, అంది, అని పాయసం గిన్నె తన ముందుకు లాక్కుంది, కింది వరసలో సీరియల్ ఎంత ముందుకు పోయిందో ఆమె చూడనే లేదు, నాకప్పుడు తెలిసింది, ఆమె సీరియల్ కోసం గోడ దాటలేదు, ఆకలితో ఉన్నప్పుడు పక్కన నలుగురు నవ్వేవాళ్ళు ఉండాలని దాటింది, రేపు అంది, అంటే రేపు ఇక్కడే.